మచ్చ పోయింది, జబ్బు పోలేదు

ఉప్పునీటి ఆక్వేరియంలో బ్లూ ట్యాంగ్ చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లమచ్చలు కనబడగానే యజమాని షాపుకి పరుగెడతాడు. ఏదో సీసా తెచ్చి తొట్టిలో పోస్తాడు. వారం తిరిగేలోపు మచ్చలు మాయం. మందు భేషుగ్గా పనిచేసిందని నలుగురికీ చెబుతాడు. నిజానికి ఆ సీసా మూత తియ్యకపోయినా ఆ మచ్చలు ఆ వారంలో రాలిపోయేవే. మెరైన్ ఇక్ అనే ఈ జబ్బుకి వైద్యం చెయ్యాల్సింది చేపకి మాత్రమే కాదు, తొట్టికి కూడా. తొట్టికి మందు లేదు. చేపలు లేకుండా ఖాళీగా ఉంచడమే దానికి వైద్యం.

ఎందుకో పరాన్నజీవి బతుకు తీరు చూస్తే తెలుస్తుంది. దీని పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. ఈ ఏకకణ జీవి చేప చర్మంలోనూ మొప్పల్లోనూ పైపొర కింద దూరి, 3 నుంచి 7 రోజులు తిని బలిసి, తనంతట తనే బయటపడుతుంది. మనం నయమైందని సంబరపడే రోజు అదే. అప్పుడది ఇసుకకో రాయికో అంటుకుని, గట్టి కోశం కట్టుకుని, లోపల చీలుతూ పోతుంది. అలా చీలి పుట్టిన పిల్లలు ఎక్కువగా చీకట్లో, చేపలు రాళ్ల సందుల్లో నిద్రపోయే వేళ బయటికొస్తాయి. కొన్ని కోశాలు మూడు రోజులకే తెరుచుకుంటాయి, కొన్ని 72 రోజుల దాకా ఆగిన దాఖలాలున్నాయి. తొట్టిని 76 రోజులు ఖాళీగా ఉంచమనేది అందుకే. చర్మం కింద ఉన్నప్పుడూ, కోశంలో ఉన్నప్పుడూ దానికి మందు తగలదు. చేపను వెతుక్కుంటూ ఈదే ఆ ఒకటి రెండు రోజుల్లోనే రాగి మందుకి దొరుకుతుంది.

వైద్యానికి ముందు ఇది ఇక్కేనా అని తేల్చుకోవాలి. ఇక్ మచ్చ ఇవాళ రెక్క మీద, ఎల్లుండి తోక దగ్గర కనిపిస్తుంది. రెండు వారాలు ఒకేచోట కదలకుండా ఉన్న గడ్డ చాలాసార్లు లింఫోసిస్టిస్ అనే వైరస్ పని, దానికి రాగి దండగ. గది చీకటి చేసి టార్చి పక్కనుంచి వేస్తే పిండి జల్లినట్టు సన్నని బంగారు పొడి కనబడి, చేప ఎగరొప్పుతూ పంపు ముందు నిలబడుతోందంటే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. అది రోజుల్లో చంపేస్తుంది. క్లౌన్ ఫిష్ ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవిని అనుమానించాలి. దానికి వాడేది ఫార్మలిన్, రాగి కాదు.

ఇక్ అని తేలితే చేపలన్నిటినీ, మచ్చ లేనివాటితో సహా, వేరే తొట్టికి మార్చాలి. అందులో ఇసుకా రాళ్లూ వద్దు, అవి రాగిని పీల్చేస్తాయి. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. అయానిక్ రాగి అయితే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, రోజూ పరీక్షించి నిలబెట్టాలి. కీలేటెడ్ రకాల మోతాదు వేరు, కొలిచే కిట్టూ వేరు. అదే మందు పగడాలున్న పెద్ద తొట్టిలో పోస్తే పగడాలూ రొయ్యలూ పోతాయి.

“ఇక్ ప్రతి తొట్టిలోనూ ఉండేదే, చేపకి బలమైన తిండి పెడితే చాలు” అనే వాదన ఒకటుంది. అందులో సగం నిజముంది. జబ్బు తట్టుకున్న చేపకి కొంతకాలం రోగనిరోధక శక్తి వస్తుంది. కానీ ఆ చేప మొప్పల్లో కంటికి కనబడని నాలుగు పరాన్నజీవులు మిగిలితే చాలు, రేపు కొన్న కొత్త చేపను ముంచుతాయి. ప్రతి తొట్టిలోనూ ఉంటుందనేది మాత్రం తప్పు. చేప దొరక్కపోతే దానికి బతుకే లేదు. వెల్లుల్లి కలిపిన మేత ఇక్‌ను చంపుతుందని రుజువు లేదు. క్లీనర్ రొయ్య చేప చర్మం కింద దాగినదాన్ని ఏరి తినేస్తుందన్నదీ అంతే. పట్టి మార్చడం చేపకి ఒత్తిడే కదా అంటారు. ఒత్తిడే, కాదనను. మొప్పలు పాడై ఊపిరాడక చావడం అంతకన్నా పెద్ద ఒత్తిడి.

ఇంత శ్రమ పడలేమనుకునేవాళ్లు కొత్త చేపను ముందు నెల రోజులు విడి తొట్టిలో ఉంచి చూడండి. పగడం కింద రాయికీ, నత్త గుల్లకీ కూడా కోశాలు అంటుకుని రావచ్చు. వాటికీ చేపలు లేని తొట్టిలో అదే 76 రోజులు.