ముందే చూసుకునే పనితనం

ధర్మవరంలో పట్టుచీర నేయబోయే ముందు, మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా అతుకుతారు. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అంతటి ఓపికైన ముందుపని, కోడ్‌ను కంపైల్ చేసే ముందు సిస్టమ్‌ను పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టుది.

హిందూపురంలోనో పెనుకొండలోనో ఓ విద్యార్థి సోర్సు కోడ్ దించుకుని అందులోని ఆ స్క్రిప్టును నడిపితే, తెర మీద ఫలానా హెడర్ ఉంది, ఫలానాది లేదు అంటూ వరసలు పరుగెడతాయి. సి భాషలో సిస్టమ్ ఇచ్చే సదుపాయాల వివరాలుండేది ఆ హెడర్ ఫైళ్లలోనే. అవి అన్నిచోట్లా ఒకేలా ఉండవు. లైనక్స్‌లో నేరుగా దొరికే ఎండియన్ హెడర్, ఫ్రీబీఎస్‌డీలో ఏళ్ల తరబడి సిస్ అనే డైరెక్టరీలో ఉండేది.

స్క్రిప్టు సిస్టమ్ పేరు చూసి ఊహించదు. వెతుకుతున్న హెడర్‌ను పిలిచే బుల్లి ప్రోగ్రాం తానే రాసి, కంపైలర్‌కిచ్చి, ఫలితాన్ని నమోదు చేసుకుని, ఆ ప్రోగ్రాంను చెరిపేస్తుంది. ఈ నిజాయితీ అంటే నాకెంతో గౌరవం.

1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ ఇలాంటి స్క్రిప్టుల్ని తయారుచేసి ఇస్తుంది. తొలినాళ్లలో ప్రీప్రాసెసర్‌కు ఫైలు దొరికితే చాలనుకునేవారు. కానీ ఫైలు ఉండటం వేరు, పనికిరావడం వేరు. కొన్ని హెడర్లు, ముందు మరొకటి చేర్చనిదే కంపైల్ కావు. అందుకే 2020లో వచ్చిన 2.70 వెర్షన్ నుంచి పూర్తిగా కంపైల్ పరీక్షే.

ఈసారి కాన్ఫిగర్ దశలో బిల్డ్ ఆగిపోతే విసుక్కోకుండా, స్క్రిప్టు రాసిపెట్టే కాన్ఫిగ్ లాగ్ తెరవండి. ఏ పరీక్ష ఎక్కడ తప్పిందో కంపైలర్ మాటల్లోనే రాసి ఉంటుంది.