చంద్రి చేసిన పని

‘సంస్కారం’ అనే మాటని మనం రెండు రకాలుగా వాడతాం. ఫలానా ఆయనకి సంస్కారం ఉంది అంటే మంచీ మర్యాదా తెలిసినవాడని. అంత్య సంస్కారం అంటే శవాన్ని సాగనంపే తంతు. కన్నడంలోనూ అంతే. యు.ఆర్.అనంతమూర్తి 1965లో రాసిన ‘సంస్కార’ నవలా, దాన్ని పట్టాభిరామిరెడ్డి 1970లో తీసిన సినిమా, ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులోనే నడుస్తాయి. ఒక శవం ఉంది. దానికి సంస్కారం జరగాలి. చెయ్యాల్సినవాళ్లకి ఏపాటి సంస్కారం ఉందన్నది అసలు ప్రశ్న.

పట్టాభి మనకి ‘ఫిడేలు రాగాల డజన్’ కవిగానే ఎక్కువ తెలుసు. నెల్లూరాయన. 1939లో తెలుగు ఛందస్సుతో పేచీ పెట్టుకున్న మనిషి, ముప్పై ఏళ్ల తర్వాత కన్నడంలో ఒక అగ్రహారంతో పేచీ పెట్టుకున్నాడు. చుట్టూ చేరినవాళ్లని చూడండి. స్క్రీన్‌ప్లే రాసి ప్రాణేశాచార్యుడిగా నటించింది గిరీశ్ కర్నాడ్. నారణప్పగా కన్నడ రచయిత పి.లంకేశ్. కళా దర్శకత్వం చిత్రకారుడు ఎస్.జి.వాసుదేవ్, సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్, కెమెరా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్. మన సింగీతం శ్రీనివాసరావు కూడా ఈ సినిమాకి పనిచేశారు. చంద్రి పాత్ర వేసింది పట్టాభి భార్య స్నేహలతారెడ్డి, మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు.

కథ చాలామందికి తెలిసిందే. మలెనాడులో దూర్వాసపురం అనే మాధ్వ బ్రాహ్మణ అగ్రహారం. నారణప్ప మాంసం తిన్నాడు, తాగాడు, చంద్రి అనే ‘తక్కువ’ కులపు స్త్రీతో కలిసి బతికాడు. ఇప్పుడు ప్లేగుతో పోయాడు. అతన్ని దహనం చేసేది ఎవరు? చేస్తే మైల అంటుతుంది. చెయ్యకపోతే శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ ముద్ద ముట్టకూడదు. బతికుండగా అతన్ని వెలివెయ్యలేదు కాబట్టి చచ్చాక కూడా బ్రాహ్మణుడే. మా ప్రోగ్రామర్ల భాషలో ఇది డెడ్‌లాక్. ప్రతివాడూ ఇంకొకడు కదిలితే కదులుదామని చూస్తుంటాడు, మొత్తం వ్యవస్థ బిగుసుకుపోతుంది. బయటికి ఏ తప్పూ కనిపించదు, ఏ పనీ జరగదు.

చంద్రి తన ఒంటిమీది బంగారం తీసి, దహనం ఖర్చుకని ఆచార్యుడి ముందు పెడుతుంది. అప్పటిదాకా మాకొద్దన్నవాళ్ల కళ్లు మెరుస్తాయి. మైల భయాన్ని ఆశ ఇట్టే దాటేస్తుంది. తాటాకు గ్రంథాలన్నీ తిరగేసినా ఆచార్యుడికి జవాబు దొరకదు. మారుతి గుడికి వెళ్లి దేవుణ్ణి అడుగుతాడు. దేవుడూ పలకడు. ఆ రాత్రి అడవిలో చంద్రి, ఆచార్యుడు ఒకటవుతారు.

ఈ సినిమా మీద రాసినవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగుతారు. పండితుడి పతనమా, విముక్తా అని. నాకు దీని తర్వాత జరిగేదే పెద్ద సంగతి అనిపిస్తుంది. చంద్రి వెనక్కి వెళ్లి, ఒక ముస్లిం సాయంతో శవాన్ని చీకట్లోనే దహనం చేయిస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి వెళ్లిపోతుంది. అంతే. ఊరంతటినీ పస్తులు ఉంచిన ధర్మసందేహం ఒక్క రాత్రిలో, ఏ శాస్త్రమూ తెలియని ఇద్దరి చేతుల్లో తీరిపోయింది. సంస్కారం అన్న మాటకి రెండు అర్థాలూ కలిసిన చోటు ఈ సినిమాలో ఇదొక్కటే.

మరి సినిమా ఏం చేస్తుంది? చంద్రిని వదిలేసి ఆచార్యుడి వెంట పోతుంది. భార్య పోయాక ఆయన ఊళ్లు పట్టి తిరగడం, పుట్ట అనే వాగుడుకాయ తోడు కావడం, జాతర, గుళ్లో భోజనం, మనసులో గుంజాటన. కర్నాడ్ బాగానే చేశాడు. పుట్ట తోడైన భాగం నాకు ఇష్టం కూడా. కానీ చంద్రి ఎక్కడికి వెళ్లింది, ఏమనుకుంది అన్నది ఎవరికీ పట్టదు. ఆమె నారణప్పకి తిరుగుబాటు, ఆచార్యుడికి మేల్కొలుపు. తనకి తాను ఏమిటి? బ్రాహ్మణ్యాన్ని అంత ధైర్యంగా నిలదీసిన సినిమా, ఆ ప్రశ్న అడిగే హక్కుని మాత్రం బ్రాహ్మణుడికే ఇచ్చింది. ఈ లోపం నవలలోనే ఉంది. స్నేహలత ముఖం దాన్ని కొంత పూడ్చింది. మాటలు తక్కువైనా ఆమె చూపులో జాలి లేదు, బతిమాలడం లేదు. పని ఎప్పుడవుతుందా అన్న ఓపిక మాత్రం ఉంది.

సెన్సార్ వాళ్లు మొదట ఈ సినిమాని నిషేధించారు. తర్వాత విడుదలై, 1970 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం అయింది. కన్నడానికి ఆ బహుమతి అదే మొదలు.

ఆ తర్వాతి సంగతి తెరమీద లేదు. ఎమర్జెన్సీలో, 1976లో, బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి స్నేహలతని అరెస్టు చేశారు. తీవ్రమైన ఉబ్బసంతో ఎనిమిది నెలలు బెంగళూరు జైల్లో ఉంది. అక్కడే డైరీ రాసింది. తోటి ఖైదీ ఆడవాళ్ల కోసం జైలువాళ్లతో పోట్లాడింది. 1977 జనవరిలో, ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక, పెరోల్ మీద వదిలారు. కొద్ది రోజులకే చనిపోయింది.

నటి జీవితాన్ని పాత్రకి అతికించడం విమర్శకి మంచిది కాదని తెలుసు. అయినా ఇది తెలిశాక ‘సంస్కార’ని పాతలాగా చూడలేం. రూల్స్ ప్రకారం ఎవరికి వాళ్లు తప్పుకున్న మరో అగ్రహారం ఇక్కడ కనిపిస్తుంది. జబ్బుమనిషిని జైల్లో ఉంచడం సరైనదేనా అని అడగాల్సినవాళ్లు, అడిగితే తమకేం చుట్టుకుంటుందో అని చూస్తూ కూర్చున్నారు.

సినిమా చూడండి. ఆచార్యుడి సందేహాలు ఎలాగూ మీకు గుర్తుంటాయి, కెమెరా వాటి మీదే ఉంది కాబట్టి. చీకట్లో ఆ మంట ఎవరు పెట్టించారో కూడా గుర్తుపెట్టుకోండి.