రింగు వెనకవైపు పనితనం

మా చెల్లెలి గృహప్రవేశానికి వచ్చిన కానుకల్లో ఎనిమిది అంగుళాల ఎంబ్రాయిడరీ రింగు ఒకటి ఉంది. తెల్లటి నూలుగుడ్డ మీద గొలుసు కుట్టుతో కృష్ణ నీళ్లు, కాడ కుట్టుతో ప్రకాశం బ్యారేజీ. ముందువైపు బాగుంది. ఆ మాత్రం కుట్టేవాళ్లు బెజవాడలో చాలామందే ఉన్నారు. నన్ను ఆపింది వెనకవైపు.

అక్కడ మామూలుగా గ్లూ గన్‌తో పని కానిచ్చేస్తారు. మిగిలిన గుడ్డను చెక్కకు అంటించడం, పైన ఓ అట్టముక్క పెట్టడం, అంతే. దీన్ని కుట్టినావిడ సూదితోనే ముగించింది. చుట్టూ అంగుళమున్నర గుడ్డ వదిలి, అంచు వెంట గట్టి దారంతో కచ్చాకుట్టు వేసి లాగితే, డబ్బుసంచి మూతి బిగించినట్టు గుడ్డంతా లోపలికి ముడుచుకుంది. దాని మీద పెడన కలంకారీ ముక్కను గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, సన్నటి కాజా కుట్టుతో ఆ ముడతలకే పట్టించింది. మధ్యలో ఇంకో తెల్లగుడ్డ పొర కూడా ఉంది. లేకపోతే కలంకారీ నలుపు ముందున్న ఆకాశంలోంచి తొంగిచూసేది. ఆ ఆకాశంలో వెనక దాటించిన నల్లదారం నీడ కూడా ఎక్కడా లేదు. స్తంభం స్తంభానికీ దారం తెంపి, కొసను కుట్ల కిందకు దూర్చిందన్నమాట. ఎంత ఓపిక!

జిగురు గుడ్డలోకి దిగితే ఉతికినా వదలదు. దీన్ని మాత్రం దుమ్ము పడితే కుట్టు విప్పి, గుడ్డ ఉతికి, ఆరాక మళ్లీ బిగించుకోవచ్చు. కలంకారీ విడిగా వచ్చేస్తుంది కనుక దాని రంగు దిగినా ముందు గుడ్డకు భయం లేదు. గోడకు వేలాడే వస్తువుకు ఇంతకన్నా ఏం కావాలి?

స్క్రూ ఇత్తడిది. డెల్టా ఉక్కలో ఇనుప స్క్రూ తుప్పుపట్టి గుడ్డకు మరక అంటిస్తుంది. తమాషా ఏమిటంటే, సంప్రదాయ కలంకారీలో నలుపు పుట్టేదే తుప్పులోంచి. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ నీటిని కరక్కాయ పట్టించిన గుడ్డమీద అద్దుతారు. వెనక గుడ్డకు అందం తెచ్చిన తుప్పును ముందు గుడ్డ దగ్గరకు రానివ్వలేదు ఈవిడ.

నచ్చనిది ఒక్కటే, పైన కట్టిన గులాబీరంగు శాటిన్ రిబ్బను. అంత మంచి ఇత్తడి స్క్రూను పూర్తిగా కప్పేసింది.