లూసిబారీ ఆస్పత్రి – మరీచ్‌ఝాపి ప్రశ్న

మొన్న మా కళాశాల అధ్యయన బృందంలో అమితావ్ ఘోష్ ఇంగ్లీషు నవల "ది హంగ్రీ టైడ్" (2004) మీద చర్చ జరిగింది. చివర ఒక విద్యార్థిని నన్ను సూటిగా అడిగింది: "మాస్టారూ, నిర్మల్‌ది ఒప్పా, నీలిమది ఒప్పా?" అప్పటికి ఏదో చెప్పి దాటవేశాను. కాని అభ్యుదయవాదినని చెప్పుకునే ఉపాధ్యాయుడు దాటవేయదగిన ప్రశ్న కాదది. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడిన జవాబు.

నవలకు రంగస్థలం పశ్చిమ బెంగాలులోని సుందరవనాలు. భారతదేశపు భాగంలో 102 దీవులున్నాయి. జనం నివసించేవి 54. 2011 జనాభా లెక్కల నాటికి ఈ ప్రాంతంలో సుమారు 44 లక్షలమంది వున్నారు. అక్కడ వైద్యమంటే మొదట పడవ, ఆ తర్వాతే మందు. ఆటు సమయంలో పడవ బురదలో కూర్చుంటే, పాము కరిచినవాడు పోటు వచ్చేదాకా ఆగాలి. విషం మాత్రం ఆగదు. ఊళ్ళో మంత్రగాడు దగ్గర. విరుగుడు సూది దూరం. జనం మూఢత్వంవల్లనే మంత్రగాణ్ణి ఆశ్రయిస్తున్నారని పట్నంలో కూర్చుని అనడం సులభం. ఆ మూఢత్వంలో సగం దూరమే. వరదరోజుల్లో గోదావరి లంకలనుంచి పురిటినొప్పుల మనిషిని పడవమీద దాటించడం ఎరిగిన తెలుగు పాఠకుడికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అలాంటి ఒక కల్పిత దీవి లూసిబారీ. కమ్యూనిస్టు భావాలుగల నిర్మల్ 1950లో భార్య నీలిమతో అక్కడికి వచ్చి బడిలో ఉపాధ్యాయుడవుతాడు. మగవాళ్ళు అడవికో నీళ్ళమీదికో వెళ్ళిననాడు భార్యలు గాజులు తీసి తెల్లచీరలు కట్టుకుంటారని నీలిమ గమనిస్తుంది. భర్త బతికి వుండగానే వైధవ్యాన్ని అభ్యాసం చేసుకునే ఆడవాళ్ళు! ఆమె వాళ్ళను కూడగట్టి సంఘం పెడుతుంది. సంఘం ట్రస్టు అవుతుంది, ట్రస్టు ఆస్పత్రి కడుతుంది. నిర్మల్‌కు ఇదంతా దానధర్మంగా, చిల్లర సంస్కరణగా కనిపిస్తుంది. అతడు విప్లవం కోసం ఎదురుచూస్తూ కవిత్వం చదువుకుంటాడు.

ఈ ఇద్దరి మధ్య అసలు ఘర్షణ మరీచ్‌ఝాపి విషయంలో వస్తుంది. తూర్పు బెంగాలునుంచి వచ్చి దండకారణ్యపు శిబిరాల్లో మగ్గిన శరణార్థులు – వారిలో అత్యధికులు నామశూద్రులు – 1978లో ఆ దీవికి చేరారు. వారికి తోడ్పడమని నిర్మల్ అడిగితే నీలిమ నిరాకరిస్తుంది. ప్రభుత్వానికి కోపం వస్తే తన ఆస్పత్రి నిలవదని ఆమె భయం. అబద్ధమైన భయమేమీ కాదది.

ఇక్కడ చాలామంది విమర్శకులు ఎవరో ఒకరి పక్షం చేరుతారు. నా దృష్టిలో ఇద్దరూ ఓడిపోయారు. నిర్మల్‌కు జనమంటే ప్రేమ వుంది. ఆ ప్రేమతో ఒక్కరి జ్వరమూ తగ్గలేదు. నీలిమ ఎన్నో జ్వరాలు తగ్గించింది. అయితే దొరల దయమీద నిలిచిన ఆస్పత్రి తలుపు అవసరమైన రోజున అవసరమైనవాళ్ళకు మూసుకుపోయింది. వైద్యం హక్కు కానంతకాలం అది రోగి అవసరాన్ని బట్టికాక, దాత ఇబ్బందిని బట్టి నడుస్తుంది. నవలలోని గొప్ప సత్యం ఇదే. ఘోష్ దీన్ని నినాదంగా చెప్పలేదు, ఒక కాపురంలోని కలహంగా చూపించాడు. అది అతని శిల్పానికి గెలుపు.

చరిత్ర ఇంకా చేదుగా వుంది. ఆ శరణార్థులు ఎవరి దయకోసమూ కాచుకోకుండా బడి కట్టుకున్నారు, ఆరోగ్యకేంద్రం పెట్టుకున్నారు. 1979 జనవరిలో ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. తాగునీరు, తిండి, మందులు, వైద్యుల రాకపోకలు అడ్డగించరాదని కలకత్తా హైకోర్టు చెప్పవలసి వచ్చింది. మే నెలలో వారిని బలవంతంగా ఖాళీ చేయించారు. ఎందరు చచ్చిపోయారన్నది నేటికీ వివాదమే. ఆనాటి ప్రభుత్వం వామపక్ష ప్రభుత్వం. ఈ మాట రాయడం నాకు కష్టంగానే వుంది. కాని శత్రువు చేస్తే దిగ్బంధమనీ, మనవాళ్ళు చేస్తే పరిపాలన అనీ పేరు మార్చే విమర్శ విమర్శ కాదు.

నవలలో లోపం లేదా? వుంది. చదువురాని జాలరి ఫకీర్ మౌనానికి రచయిత ముగ్ధుడైపోయాడు. ఆ మౌనంలో ప్రకృతి జ్ఞానాన్ని చూసినంతగా, చదువు అందని అన్యాయాన్ని చూడలేదు. ఫకీర్ భార్య మొయ్నా పట్టుదలతో చదువుకుని, ఆ ఆస్పత్రిలోనే నర్సు శిక్షణ పొందుతూ వుంటుంది. దీవిలో పుట్టి దీవికి వైద్యం చేయబోయే మనిషి ఆమె ఒక్కతే. నిర్మల్‌కూ నీలిమకూ దొరకని సమాధానం ఆమె చేతుల్లో మొలకెత్తుతున్నది. అయినా కథను నడిపే చూపు ఢిల్లీనుంచి వచ్చిన అనువాదకుడిదీ, అమెరికానుంచి వచ్చిన శాస్త్రజ్ఞురాలిదీ. మొయ్నా ఆస్పత్రి వార్డులో ఏం చూసిందో, ఏ రోగిని చూసి ఏమనుకున్నదో తెలుసుకోవాలన్న ఆకలి పాఠకుడికి తీరదు.

2009లో ఐలా, 2020లో ఆంఫాన్ తుపానులు ఆ దీవులను ముంచాయి. ప్రతి తుపాను వెనకా సహాయ పడవలు వెళ్ళాయి. తర్వాత తిరిగి వచ్చాయి. పడవ వెళ్ళినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదు. అది అక్కడ వుండిపోవాలి.

అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది: నీలిమ ఆస్పత్రి కావాలి, నిర్మల్ న్యాయమూ కావాలి. ఆ రెండింటినీ ఒకటి చేయగల మొయ్నా గురించిన నవల ఇంకా రావలసి వుంది. లంకలనుంచి వచ్చి చదువుకుంటున్న మీలో ఎవరైనా రాస్తే, మొదటి పాఠకుణ్ణి నేనే.