తప్పిన పిండిని దారికి తెచ్చే చెయ్యి

కేకు బాగా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. పొరపాటు పడ్డ పిండిని దారికి తెచ్చేవాళ్ళు తక్కువ. మా వదినది ఆ రెండో పనితనం.

వెన్న, పంచదార, గుడ్లు, మైదా సరిసమానంగా తూచి చేసే పౌండ్ కేకునే చూడండి. వెన్నా పంచదారా తెల్లబారేదాకా గిలక్కొట్టాక, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గుడ్డు పడితే, అదంతా విరిగిన పాలలా పలుకులు కట్టేస్తుంది. గుడ్డులో నాలుగింట మూడొంతులు నీరే. చల్లదనానికి గట్టిపడ్డ వెన్న ఆ నీటిని తనలో పట్టుకోలేదు. ఇక్కడే చాలామంది కంగారుపడి ఇంకో గుప్పెడు మైదా పోస్తారు, కేకు పిడచకట్టుకుపోతుంది. వదిన గిన్నెను వేడినీళ్ళ మీద కొన్ని క్షణాలు ఉంచుతుంది. అంచున వెన్న మెరవడం మొదలవగానే దించేసి, అంచుల్ని మధ్యకు లాగి మళ్ళీ గిలక్కొడుతుంది. ఇంకా పలుకులుంటే, ముందే తూచి పెట్టుకున్న మైదాలోంచే ఒక చెంచా వేస్తుంది. కొత్త సరుకేదీ చేర్చదు. ఆవిడ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నిగ్రహమే.

బేకింగ్ పౌడర్ బదులు వంటసోడా పడితే లెక్క వేరు. పౌడర్‌లో సోడాతోపాటు పులుపునిచ్చే పొడి, గంజిపొడి కూడా ఉంటాయి కాబట్టి, ఒట్టి సోడా దానికి మూడింతల పైనే బలం. అలాగే వదిలేస్తే కేకు నల్లబడి సబ్బు రుచి వస్తుంది. సోడా మైదా మీద కుప్పగా ఉండగానే చూసుకుంటే చుట్టూ ఉన్న పిండితో సహా ఎత్తేయొచ్చు. కలిసిపోయాక జల్లెడ పట్టినా విడిపోదు. అప్పుడు వదిన మిగతా సరుకులన్నీ మూడింతలు చేసి, పాల బదులు పుల్లమజ్జిగ పోస్తుంది. పులుపు తగలకపోతే సోడా రుచి పోదు మరి. ఈ లెక్కంతా తడి తగలకముందే తేల్చుకోవాలి. తగిలిందా, పొంగు అక్కడే మొదలైపోతుంది.

బ్రెడ్డు పిండిలో ఉప్పు మరిస్తే చేతికే తెలుస్తుంది. జిగటగా జారుతూ, తొందరపడి పొంగుతుంది. అరకిలో మైదాకు 10 గ్రాముల ఉప్పు చెంచాడు నీళ్ళలో కలిపి పిసికితే, మొదట జారిపోయి భయపెట్టినా కాసేపటికి బిగుస్తుంది. ఫ్రాన్స్‌లో బ్రెడ్డు విద్య నేర్పిన రేమోన్ కాల్వెల్ పద్ధతిలో ముందు పిండీ నీళ్ళూ కలిపి నాననిస్తారు, ఉప్పు ఆ తర్వాతే. కనుక ఇది కంగారుపడాల్సిన తప్పే కాదు.

పంచదార మరిచి ఓవెన్‌లో కాల్చేసిన కేకు మాత్రం ఆవిడకీ లొంగదు. పాకం పోస్తే తీపి వస్తుంది కానీ, పంచదార పలుకులు వెన్నలోకి పట్టాల్సిన గాలి ఇక రాదు. దాన్ని వదిన పల్చగా కోసి, మళ్ళీ కాల్చి, రస్కులు చేసి టీలోకి పెడుతుంది.