వెదురు గెడ పనితనం

చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో మొదటిసారి పడవ ఎక్కినవాళ్లు పక్షుల కోసం మెడలు సాచుతారు. నేనైతే వెనక నిలబడ్డ పడవమనిషి చేతులు చూడమంటాను. ఇంజను లేదు. వెదురు గెడను నీళ్లు చిందకుండా దించి, అడుగు బురదలో ఆనించి, ఒంటి బరువంతా వేసి నెడతాడు. పక్షులకేసి సూటిగా పోడు, ఏటవాలుగా జరుపుతాడు. గెడను బురదలో గుచ్చితే పడవ నిలిచిపోతుంది. సూదితోక బాతులు మేత మానవు. ఆ ఊళ్లో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే కొందరు ఇప్పుడు చూపించేవాళ్లయ్యారు. కన్నూ చెవీ అవే. రెల్లులో అలికిడి మనకు గాలి, అతనికి ఊదారంగు నీటికోడి. శీతాకాలం, తెల్లవారగానే వెళ్లండి. కొట్టొచ్చే రంగు చొక్కాలొద్దు. ఫొటో కోసం లేచి నిలబడితే మాత్రం, పాపం, ఒరిగిన పడవను సర్దాల్సింది అతనే.