రెండు జీతాలు, ఒక జబ్బు

రిచర్డ్ కోహెన్‌కు 1973లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉందని తేలేనాటికి 25 ఏళ్లు. నాయనమ్మకూ తండ్రికీ వచ్చిన జబ్బే తనకూ వచ్చింది. టీవీ వార్తల్లో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న ఆ కుర్రాడు సీబీఎస్‌లో చేరేటప్పుడు ఆ సంగతి దాచాడు. చూపు దెబ్బతింటున్నా బీరూట్ యుద్ధానికీ, పోలండ్ కార్మికోద్యమానికీ వెళ్లి పనిచేశాడు. అదే సంస్థలో విలేకరిగా ఉన్న మెరిడిత్ వియేరాతో పరిచయమైనప్పుడు మాత్రం మొదట్లోనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. 1986లో వాళ్లకు పెళ్లయింది. తర్వాత ముగ్గురు పిల్లలు.

వియేరా అమెరికాలో పేరున్న టీవీ మనిషి. మన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ ఏ ఆట నుంచి వచ్చిందో, ఆ ఆటను అక్కడ 2002 నుంచి 2013 వరకు నడిపింది ఆమే. ఇద్దరిదీ గడియారంతో పోటీపడే ఉద్యోగమే. అలాంటి ఇంట్లో భర్తకు రోజురోజుకూ చూపు తగ్గుతూ, కాళ్లు తడబడుతూ ఉంటే బతుకు ఎలా నడిచింది?

దీన్ని వీరగాథలా చెప్పుకోవడం తేలిక. కోహెన్ 2004లో అచ్చయిన ‘బ్లైండ్‌సైడెడ్’ పుస్తకంలో ఆ పని చేయలేదు. తన కోపం, సాయం తీసుకోవడానికి ఒప్పుకోని మొండితనం, జబ్బు మీద క్యాన్సర్ కూడా వచ్చిపడ్డాక ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం, అన్నీ రాశాడు. జబ్బు ఉందని మనసులో ఒప్పుకోకపోవడమే తనను ఇన్నాళ్లు పనిలో నిలబెట్టిందని కూడా వాదించాడు. ఆ వాదనతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. కానీ జబ్బుపడ్డ మనిషి ఎప్పుడూ ఓర్పుగా, చిరునవ్వుతో ఉండాలని కోరే చుట్టాలందరూ ఒకసారి చదవవలసిన పుస్తకం అది.

డాక్టర్లూ రోగులూ పొట్టిగా ఎం.ఎస్. అనే ఈ జబ్బులో, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీద దాడి చేస్తుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టు నరం మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. నరం మోసే కబురు ఆలస్యంగా అందుతుంది, లేదా అందనే అందదు. పొర ఎక్కడ పోతే అక్కడి బాధ: ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి అరికాళ్లలో తిమ్మిరి, ఇంకొకరికి నడకలో తూలుడు. పారిస్ వైద్యుడు షార్కో 1868లోనే దీన్ని వివరంగా వర్ణించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల లోపు బయటపడుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ 20-40 ఏళ్లంటే ఉద్యోగం స్థిరపడి, ఫ్లాటు కోసం బ్యాంకు లోను తీసుకుని, పిల్లల గురించి ఆలోచించే వయసు.

కోహెన్‌కు జబ్బు తేలిన ఏడాదే ఇంగ్లండ్‌లో మరో జంటకూ ఇదే కబురు అందింది. సెల్లో వాద్యకారిణి జాక్వెలిన్ డు ప్రేకు అప్పుడు 28 ఏళ్లు. భర్త డానియల్ బారెన్‌బాయిమ్ పియానిస్టు. తీగ మీద వేళ్లకు స్పర్శ తెలియకపోవడంతో ఆమె కచేరీలు ఆగిపోయాయి. 1987లో, 42వ ఏట కన్నుమూసింది. ఎం.ఎస్. గతిని మార్చే మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా, అమెరికాలో అనుమతి పొందింది 1993లో. ఇప్పుడు మందులు చాలా ఉన్నాయి. మళ్లీ మళ్లీ వచ్చే దాడులను అవి బాగా తగ్గిస్తాయి. అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేవు.

మందుల సంగతి న్యూరాలజిస్టు చూసుకుంటారు. ఇంటి సంగతి ఎవరు చూస్తారు? అసలు నేర్చుకోవలసిన పనితనం అక్కడుంది. ఎం.ఎస్. ఉన్నవాళ్లను ఎక్కువగా పడగొట్టేది నొప్పో తిమ్మిరో కాదు, అలసట. రాత్రంతా నిద్రపోయి లేచినా మధ్యాహ్నానికి ఒళ్లు కదలనివ్వని అలసట. బయటికి కనబడదు. కనబడదు కాబట్టి అత్తగారికి బద్ధకంలా, మేనేజరుకు సాకులా, ఒక్కోసారి కట్టుకున్నవాడికి కూడా నిర్లక్ష్యంలా తోస్తుంది. ఉన్న కాస్త శక్తిని ఎలా ఖర్చుపెట్టుకోవాలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు నేర్పుతారు. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే కూర్చోవాలి. కూరలు తరగడం గట్టు దగ్గర నిలబడి కాదు, ఎత్తు స్టూలు మీద కూర్చుని. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తులో ఉండాలి. బుర్ర పెట్టి చేసే ఆఫీసు పని పొద్దున్నే ముగించాలి. ఇవి చిన్న విషయాలే. అయితే ఇంట్లో రెండో మనిషి ఒప్పుకుని తన అలవాట్లు కూడా మార్చుకుంటే తప్ప ఒక్కటీ నిలవదు.

మన దగ్గర వేడి ఇంకో బాధ. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరాలు ఇంకా మందగిస్తాయి. శారీరక శ్రమ చేస్తే రోగుల చూపు మసకబారడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే గమనించాడు. ఎంఆర్‌ఐ లేని రోజుల్లో మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరుగుతాయా అని చూసి జబ్బును అంచనా కట్టేవారు. ఇక రామగుండం, రెంటచింతల ఎండల్లో బస్సు కోసం నిలబడేవాళ్ల సంగతి చెప్పాలా? వేడి వల్ల వచ్చే ఇబ్బంది తాత్కాలికమే, చల్లబడితే తగ్గుతుంది. కాబట్టి ఇలాంటి ఇంట్లో ఏసీని విలాసం అనకూడదు. తలంటుకు సలసల కాగే నీళ్లు వద్దు.

భార్యాభర్తల మధ్య మాటకు రానివి ఇంకా ఉంటాయి. మూత్రం ఆపుకోలేకపోవడం, పడకటింట్లో స్పర్శ మారిపోవడం, చెప్పిన మాట మరిచిపోవడం. ఇవన్నీ జబ్బు లక్షణాలే అని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెబితే సగం గొడవలు పుట్టవు. గర్భం సంగతీ అంతే. ఎం.ఎస్. ఉన్నంత మాత్రాన తల్లి కాకూడదన్న నియమం లేదు. గర్భం చివరి నెలల్లో దాడులు తగ్గుతాయి, కాన్పయిన కొద్ది నెలల్లో పెరుగుతాయి. కొన్ని మందులు మాత్రం ముందే ఆపాలి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పి తీరాలి. క్యాన్సర్ లేదా ఎం.ఎస్. ఉన్న 515 మందిని గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. రోగి భర్త అయినప్పుడు నూటికి 2.9 జంటలు విడిపోయాయి. రోగి భార్య అయినప్పుడు 20.8. జబ్బు ఒకటే అయినా, సేవ చేయడం ఎవరి వంతుగా లోకం అనుకుంటుందో దాన్నిబట్టి ఫలితం మారింది. మన దగ్గర విడాకుల దాకా పోకుండా, ‘కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి కోలుకో’ అన్న మాటతోనే ఎన్నో కాపురాలు ముగుస్తాయి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకే అన్నది గుర్తుంటే, జంట బతుకు మళ్లీ కట్టుకోవడమంటే ముందుగా మగవాడు వంటింటి పనీ, పిల్లల హోంవర్కూ నేర్చుకోవడమేనని తెలుస్తుంది.

కోహెన్ ఇంట్లో రోగి భర్త. వియేరా ఉండిపోయింది, తన పని కూడా వదులుకోలేదు. 2011లో కుటుంబం కోసమని ‘టుడే’ అనే టీవీ కార్యక్రమం నుంచి తప్పుకుంది. 2014లో తన పేరుతోనే కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. ఆయన ఆ ఏళ్లలోనే న్యూయార్క్‌లో మూలకణాల చికిత్స ప్రయోగంలో చేరి, ఆ అనుభవం మీద 2018లో ఇంకో పుస్తకం రాశాడు. 2024 డిసెంబరులో, 76వ ఏట పోయాడు. జబ్బు తేలాక 51 ఏళ్లు బతికాడు.

ఉద్యోగం పోతుందన్న భయంతో కోహెన్ దాచినట్టే ఇక్కడా ఎందరో దాస్తున్నారు. అలాంటివాళ్లు తెలుసుకోవలసిన చట్టం ఒకటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. ప్రైవేటు కొలువుల్లో ఇంత గట్టి రక్షణ లేదు. కానీ సమాన అవకాశాల విధానం ఒకటి రాసి బయటపెట్టాలన్న 21వ సెక్షన్ వాళ్లకూ వర్తిస్తుంది. హెచ్‌ఆర్‌ను అడిగి ఆ కాగితం తెప్పించుకుని, భార్యాభర్తలిద్దరూ కలిసి చదివి, తమకు కావలసినవి రాసుకుని వెళ్లాలి: మధ్యాహ్నం ఇంటి నుంచి పని, లిఫ్టు పక్కన పార్కింగు, బాత్‌రూమ్‌కు దగ్గరగా సీటు, రక్తనాళంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ రోజున సెలవు.